పెనం చప్పుడు, ఒక దగ్గు

పోయిన శనివారం మా మనవరాలు నన్ను ఇక్కడ అమెరికాలో మేముండే మోరిస్‌విల్‌లో వారం వారం జరిగే సంతకి తీసుకెళ్ళింది. సంత అని పేరే గానీ బేరాలుండవు, అరుపులుండవు, కుక్కలు కూడా బుద్ధిగా వరసలో నడుస్తాయి. ఒక మూల చిన్న బండి మీద ఒకమ్మాయి క్రేపులు, మన అట్లలాంటివే, వేస్తోంది. పల్చటి పిండి గరిటెతో తీసి గుండ్రటి ఇనప పెనం మీద పోసింది. చప్పుడు రాలేదు. "పెనం ఇంకా కాగలేదమ్మా" అన్నాను నేను, తెలుగులోనే, కాస్త గట్టిగానే. "అమ్మమ్మా, ప్లీజ్, తనని చేయనీ" అంటూ మనవరాలు నా మోచెయ్యి పట్టుకుంది. క్రేపు పెనానికి అతుక్కుని ముక్కలుగా వచ్చింది. డబ్బిచ్చి ఆ ముక్కలే తిన్నాం. కానీ ఆ రాని చప్పుడు ఇంటికొచ్చినా నన్ను వదల్లేదు. అది రావలసినట్టు వచ్చిన రోజొకటి ఉంది. నలభై ఏళ్ళు దాటిపోయాయి, న్యూయార్కులో ఒక ఆదివారం మధ్యాహ్నం.

ఎనభైలు మొదలైన కొత్తలు. మేం అప్పుడు న్యూజెర్సీలో ఉండేవాళ్ళం. మా ఆయన ఇంజినీరు. నాకు అక్షరం ముక్క రాదు. పద్నాలుగేళ్ళకి కాపరానికొచ్చాను, అప్పటికి మా మరిది ఐదేళ్ళవాడు. వాడికి నీళ్ళు పోసి, అన్నం పెట్టి, పలక చేతికిచ్చి బడికి పంపింది నేనే. ఆ పలక మీద ఏముందో మాత్రం నాకెప్పుడూ తెలియలేదు. ఇండియాలో ఊళ్ళో ఉన్న మా అత్తగారిదీ అదే పరిస్థితి. ఆవిడ ఉత్తరం రాయించాలంటే పోస్టుమాస్టరు కావాలి, నేను రాయించాలంటే మా ఆయన కావాలి. మేం చెప్పేదొకటి, కాగితం మీద పడేదొకటి. చివరికి మా ఆయనే విసిగిపోయి రెండు టేప్ రికార్డర్లు కొని, ఒకటి ఊరికి పంపి ఒకటి ఇంట్లో పెట్టారు. ఇండియా వెళ్ళేవాళ్ళు ఎవరు దొరికినా వాళ్ళ పెట్టెలో మా క్యాసెట్టు ఒకటి దూరేది. ఎర్ర మీటా దాని పక్క మీటా కలిపి నొక్కితే మాట ఎక్కుతుంది, చివరి మీట నొక్కితే ఆగుతుంది. నాకు తెలిసిన చదువంతా అదే. అత్తగారు తన క్యాసెట్లలో ముందు గేదె సంగతి, తర్వాత చుట్టాల సంగతి, టేపు మిగిలితే మా సంగతి మాట్లాడేవారు. నేను మాట్లాడేటప్పుడు మా ఆయన పక్కన కూర్చుని, అది వద్దు, ఇది చెప్పు అని చేత్తో సైగ చేసేవారు. ఏదైనా గట్టి మాట అనబోయే ముందు ఆయనకో దగ్గు వచ్చేది. జలుబు దగ్గు కాదు, తీర్పు దగ్గు. అది వినిపించిందంటే మా ఇంట్లో ఇక చర్చ ముగిసినట్టే.

మా మరిది న్యూయార్కులో చదువు ముగించి అక్కడే ఉద్యోగంలో చేరాడు. ఒకరోజు ఫోన్ చేసి, ఒకమ్మాయిని పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఫ్రాన్సులో సముద్రం ఒడ్డున బ్రిటనీ అని ఒక సీమ ఉందట, వాళ్ళది అక్కడ. అమ్మాయిని పెంచిన నాయనమ్మ న్యూయార్కులో చిన్న క్రేపుల హోటలు నడుపుతోంది. మా ఆయన అప్పటికే మేనమామగారికి మాటిచ్చేసి ఉన్నారు, ఆయన కూతుర్ని మా వాడికి చేసుకుంటామని. ఇంట్లో పదిహేను రోజులు పళ్ళేలు కూడా చప్పుడు చెయ్యలేదు. అప్పుడొచ్చింది అత్తగారి క్యాసెట్టు. ఈసారి గేదె సంగతి లేదు.

"అమ్మాయ్, చిన్నాడు ఎవరినో చూసుకున్నాడంట. నేను రాలేను. నువ్వెళ్ళి ఆ పిల్లని చూడు. ఆ పిల్ల గొంతు నాకు వినిపించు. తర్వాత నీ నోటితో చెప్పు. నువ్వు సరేనంటే సరే. నువ్వు వద్దంటే వాడు మానుకోవాలి."

మరిది ఒప్పుకున్నాడు. నేను వద్దనను అని వాడి ధీమా. మా ఆయన కూడా ఒప్పుకున్నారు, ఆయన ధీమా ఆయనది. ఆ సోమవారం మాకు తెలిసిన డాక్టరుగారొకరు ఇండియా వెళ్తున్నారు. ఆదివారం పొద్దుగూకేలోపు క్యాసెట్టు ఆయన చేతిలో పెట్టాలి. ఆదివారం పొద్దున కారెక్కగానే మా ఆయన దగ్గారు. "చూస్తాం, తింటాం, వచ్చేస్తాం. ఇంటికొచ్చి వద్దని చెబుతావు. అర్థమైందా?" నేను ఒళ్ళో సంచీ సర్దుకున్నాను. సంచీలో రికార్డరు ఇటికరాయిలా బరువుగా ఉంది.

నది కింద సొరంగం దాటి ఊళ్ళోకి వచ్చాక కారు పెట్టే చోటు దొరక్క అదే వీధి నాలుగుసార్లు తిరిగాం. తిరిగిన ప్రతిసారీ హోటలు గుమ్మంలో మా మరిది చెయ్యి ఊపడం, మా ఆయన చూడనట్టు ముందుకు పోనివ్వడం. ఐదోసారి వాడు నడిరోడ్డు మీదికొచ్చి నిలబడ్డాడు. నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు.

హోటలు మా ఇంటి హాలంత ఉంటుంది. ముతక చెక్క బల్లలు, గళ్ళ గుడ్డలు, గుమ్మంలోకే ఎదురొచ్చే వెన్న వాసన. లోపలి గోడవైపు రెండు పెద్ద గుండ్రటి పెనాలు. వాటి ముందు ఆ నాయనమ్మే, తెల్లజుట్టు ముసలావిడ, పొట్టిగా, గట్టిగా. పిండి పోసి, కొసన అడ్డకర్ర ఉన్న చిన్న పుల్లతో ఒక్క చుట్టు చుట్టేది. ఉల్లిపొర లాంటి అట్టు తయారు. అమ్మాయి ఎదురొచ్చి రెండు చేతులూ జోడించి, "వదినగారూ, బాగున్నారా? భోజనం చేశారా?" అంది. వాళ్ళింటికి భోజనానికి వచ్చినవాళ్ళని భోజనం చేశారా అనడం మా వాడు నేర్పిన తెలుగు.

బల్ల దగ్గర కూర్చోగానే తినుబండారాల పట్టీ తెచ్చి ఒకటి నా చేతికీ ఇచ్చింది. మా ఆయన దాన్ని నా వేళ్ళ మధ్య నుంచి లాగేసి, "ఈవిడకి ఉత్త వెన్న రాసింది చాలు" అన్నారు. ఏ హోటల్లోనైనా అంతే. నేనేం తింటానో నాకు బల్ల మీదికి వచ్చాక తెలిసేది. తర్వాత చిన్న గిన్నెల్లో ఏదో పోసి తెచ్చింది, చెవి లేని కాఫీ కప్పుల్లాంటివి. బంగారు రంగు, సన్నటి నురుగు. "సైడర్, వదినా" అన్నాడు మరిది. "ఆపిల్ రసం. కానీ పులిసింది. నీకు ఇష్టం లేకపోతే వద్దు." మా ఆయన గిన్నె అవతలికి తోసి, "కల్లు పోస్తున్నారు పెళ్ళిచూపుల్లో. బాగుంది సంబంధం" అన్నారు. అమ్మాయికి మాట అర్థం కాకపోయినా మొహం అర్థమైంది. గిన్నెలు తీసెయ్యబోయింది. నాకేమనిపించిందో, నా గిన్నె పట్టుకుని ఒక గుక్క తాగాను. పుల్లగా, చల్లగా, తర్వాత ముక్కులో ఆపిల్ తొక్క వాసన. మా నాన్న తెల్లవారుజామున తాగే తాటికల్లు వాసన నాకు తెలుసు. దానికన్నా ఇది చాలా మర్యాదగా ఉంది. మా ఆయన నా వంక చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

గొంతు ఎక్కించాలి కదా అని రికార్డరు తీసుకుని పెనాల దగ్గరికి వెళ్ళాను, పిల్ల పని వదిలి రాలేదు కనక. విషయం మరిది ముందే చెప్పి ఉంచాడు. మీటలు నొక్కాను. అమ్మాయి రికార్డరు మీదికి వంగి, మా అత్తగారు ఎదురుగా ఉన్నట్టే, తనకొచ్చిన నాలుగు తెలుగు మాటలూ చెప్పింది. సరిగ్గా అప్పుడే ముసలావిడ పిండి పోసింది. స్‌స్‌స్ మని ఒకే చప్పుడు, మొదలు నుంచి చివర దాకా ఒకే తీరు. ఆవిడ నాకు వెన్న రాయమని కుంచె అందించింది, రాశాను, ఇద్దరం నవ్వాం. ఆ జిడ్డు వేళ్ళతోనే చివరి మీట నొక్కి, రికార్డరు సంచీలో వేసి, సంచీ తెచ్చి మా ఆయన పక్క కుర్చీలో పెట్టి, మళ్ళీ పెనం దగ్గరికి పోయాను.

అప్పుడు చూశానది. ఎవరో పెద్దమనిషి బల్ల దగ్గర నుంచి లేచొచ్చి, పట్టీలో ఒక చోట వేలుపెట్టి ఇదేమిటని ముసలావిడని అడిగాడు. ఆవిడ నవ్వి, పొడిగా ఉన్న చేతుల్నే గబగబా తుండుకి తుడుచుకుంటూ, చేతులు తడి అన్నట్టు చూపించి మనవరాలిని పిలిచింది. ఆ తడిచేతుల నాటకం నాది. బ్యాంకులో, బళ్ళో, డాక్టరు దగ్గర నేను ఎన్నిసార్లు ఆడానో. తలెత్తి పైనున్న తీగ చూశాను. తీగకి గుచ్చిన చీటీల మీద అక్షరాలు లేవు, అన్నీ బొమ్మలు. చుక్క పెట్టిన సున్నా గుడ్డు. మూడు మూలల ముక్క చీజు, మన జున్ను లాంటిది. ఆకు ఉన్న పండు ఆపిల్. మా బల్ల చీటీ మీద చుట్టతోకతో ఒక పంది, దాని మీద పెద్ద అడ్డగీత, పంది మాంసం వద్దని. పిల్ల ప్రతి బల్ల దగ్గరా అందరిలాగే రాసుకుంటున్నట్టు కనిపిస్తుంది, గీసేవి మాత్రం ఇవి. ఆ హోటల్లో తింటున్న వాళ్ళెవరికీ ముసలావిడకి చదువు రాదని తెలియదు.

నేను చీటీల వంక చూడటం పిల్ల చూసింది. చెవి మీద నుంచి పెన్సిల్ తీసి, ఖాళీ చీటీతో నా చేతికిచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళకి నేను మొదటిసారి పెన్సిల్ పట్టుకోవడం అదే. ఒక సున్నా గీశాను, వంకరగా వచ్చింది. మధ్యలో చుక్క పెట్టాను. పక్కన మూడు మూలలు. ముసలావిడ తల ఊపి, రాగిపిండి రంగున్న అట్టు వేసి, మధ్యలో గుడ్డు కొట్టి, జున్ను చల్లి, నాలుగు వైపులా మడిచి పళ్ళెంలో పెట్టింది. నా తిండి నేను అడిగి తెచ్చుకుని బల్ల దగ్గరికి వెళ్ళాను. అన్నదమ్ములిద్దరి మొహాలూ ఎర్రగా ఉన్నాయి. నేను అట్టు తుంచాను. అంచులు కరకరలాడుతున్నాయి, మధ్యలో గుడ్డు సొన వెచ్చగా. మొత్తం తిన్నాను.

ఇంటికొచ్చేసరికి ఇంకా వెలుగుంది. డాక్టరుగారింటికి వెళ్ళడానికి గంట టైముంది. మా ఆయన ఎప్పట్లాగే తివాచీ మీద నా పక్కన కూర్చున్నారు. ఎక్కడి దాకా ఎక్కిందో చూద్దామని టేపు వెనక్కి తిప్పి వినిపించాను. అమ్మాయి గొంతు, పెనం చప్పుడు, మా నవ్వు. తర్వాత ఆగిపోవాలి. ఆగలేదు. జిడ్డు వేలికి మీట సరిగా పడలేదన్నమాట. సంచీ గుడ్డ రాపిడి, కుర్చీ చప్పుడు. తర్వాత దగ్గు. తర్వాత మా ఆయన గొంతు.

"ఆవిడ మాటేంట్రా? చదువా సంధ్యా? నేనేది చెప్పమంటే అది చెబుతుంది. ఇరవై ఏళ్ళుగా చెబుతూనే ఉంది."

"ఒక్కసారైనా తన మాట తనని చెప్పనీ అన్నయ్యా" అని మరిది గొంతు. తర్వాత పళ్ళేల చప్పుడు. ఆపేశాను.

ఆయన కిటికీ వైపు చూస్తున్నారు. అటే చూస్తూ, "అది చెరిపెయ్" అన్నారు.

"చెరపాలంటే దాని మీద ఇంకో మాట చెప్పాలి" అన్నాను.

అది నిజమే. ఆ యంత్రంలో చెరపడానికి వేరే మీట లేదు. ఆయన నా వంక చూశారు. దగ్గు వస్తుందేమోనని నేను ఎదురుచూశాను. రాలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పారు, నీళ్ళు ఊరికే పోతున్న చప్పుడు వినిపించింది. అలాగే పంపెయ్యచ్చు. కొడుకు మాట తల్లి వింటుంది, మరిది పని సులువవుతుంది. వేలు మీట దాకా వెళ్ళి ఆగింది. తల్లి ముందు ఆయన్ని అలా నిలబెట్టలేకపోయాను. టేపు వెనక్కి తిప్పి, దగ్గు అయిపోయిన చోట ఆపి, ఎర్ర మీట నొక్కాను.

"అత్తయ్యా, పిల్లని చూశాను. పులిసిన ఆపిల్ రసం పోశారు, ఒక గుక్క తాగాను, మీకు దాచను. మేనమామగారికిచ్చిన మాట పోతుంది, అదీ తెలుసు. కానీ చదువురాని మనిషిని పదిమందిలో చిన్నబుచ్చకుండా ఎలా చూసుకోవాలో ఈ పిల్లకి తెలుసు. నాకు ఈ పిల్ల కావాలి. ఇది ఎవరూ చెప్పమన్నది కాదు, నా మాట." టేపులో మిగిలిన పళ్ళేల చప్పుడు కూడా చెరిగిపోయేదాకా పిల్ల జుట్టు రంగు, పెనం వెడల్పు, ఏది తోస్తే అది మాట్లాడాను. నీళ్ళు ఇంకా పోతూనే ఉన్నాయి. వచ్చి క్యాసెట్టు జేబులో వేసుకుని డాక్టరుగారికి ఇచ్చి వచ్చింది ఆయనే. మళ్ళీ వినలేదు.

ఆరు వారాలకి అత్తగారి జవాబొచ్చింది. ఈసారి ముందు గేదె సంగతే. తర్వాత, "ఆ పెనం చప్పుడు నాలుగుసార్లు పెట్టించుకుని విన్నానే. పెనం కాగేదాకా ఓపిక పట్టే ఇల్లు మంచిల్లే. కానివ్వండి. పెద్దాడి మేనమామతో నేను మాట్లాడతాను. ఇంకోటి. నువ్వు మొదలుపెట్టే ముందు టక్కుమంది. దాని ముందు పెద్దాడు దగ్గాడు. ఏం చెరిపావో నేనడగను." మా ఆయన తల దించుకుని విన్నారు. అప్పటి నుంచి హోటల్లో పట్టీ నా చేతిలోంచి లాక్కోలేదు. నాకు చదవడం రాకపోయినా బల్ల మీద అలాగే ఉంచేవారు, నేను వేలు పెట్టిన చోట నెమ్మదిగా చదివి వినిపించేవారు. నలభై ఆరేళ్ళకి నాకు అక్షరాలొచ్చాయి. ఇంగ్లీషు మా తోటికోడలు నేర్పింది, బొమ్మ పక్కన మాట రాసి. తెలుగు ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

అత్తగారు పోయాక ఆవిడ ట్రంకు పెట్టెలోంచి ఆ క్యాసెట్టు నా దగ్గరికి తిరిగొచ్చింది. సంత నుంచి వచ్చిన సాయంత్రం మనవరాలు పాత రికార్డరు వెతికిచ్చింది, పెట్టుకుని విన్నాను. ఆ ముసలావిడ లేదు, అత్తగారు లేరు. మా ఆయన పోయి తొమ్మిదేళ్ళు. పెనం ఇంకా అలాగే కాగి ఉంది. తర్వాత దగ్గు, తర్వాత టక్కు, తర్వాత ఎంతసేపూ నేనే. ఆ రోజు నన్నంత కష్టపెట్టిన, నేనే చెరిపేసిన ఆయన మాటలు ఇప్పుడు వినాలని ఉంది, మాటల కోసం కాదు, గొంతు కోసం. కాలం ఇన్నేళ్ళలో నాకు చదవడం, రాయడం నేర్పింది గానీ, దగ్గు అయిపోయిన చోట ఆ టేపు ఆపడం మాత్రం ఇంకా చేత కావడం లేదు.