వంకలో పోసిన హాలు

ఎర్రిస్వామి పాత ఇండ్లు తీసేసేవాడు. కూలగొడతాడని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "కూలగొట్టేకి గాలీ వానా ఉండాయి. నేను ఇప్పుతా," అనేవాడు. చిలమత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో పాత మిద్దె తీయాలంటే అతనికే కబురొచ్చేది. దూలాలు చెక్కిపోకుండా దించేవాడు. బండలు ఒకదాని మీద ఒకటి పేర్చేవాడు. గోడల మన్ను వేరుశనగ చేలకు తోలించేవాడు. తరాలుగా మనుషులూ గొడ్లూ మసలిన మన్ను పైరుకు మంచి బలం. పని ముగిశాక పారబోయడానికి చేటెడు దుమ్ము కూడా మిగిలేది కాదు.

1978లో ఎర్రిస్వామి ఊరికి సిమెంటు కమ్యూనిటీ హాలు వచ్చింది. మూడేళ్లకు కప్పు పగిలి, ఒక పెళ్లిలో పెద్ద పెచ్చు ఊడి సాంబారు గంగాళంలో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి అధికారులు ఇంకో ఏడాది ఆలోచించి, హాలు తీసేయమన్నారు.

ఎర్రిస్వామి, భార్య తిమ్మమ్మ సమ్మెటలు పట్టుకుని దిగారు. అలాంటి కట్టడం అతనెప్పుడూ చూడలేదు. నిలబడనన్న సిమెంటు రాయిని మాత్రం వదలనంటోంది. చివరికి ఇనుప కడ్డీలు ఆఫీసువాళ్లు పట్టుకుపోయారు. మిగిలిన ముక్కలు బడి ముందర గుట్టగా పడ్డాయి.

"ఇది నాకిడవండి సార్. పగలగొడితే రోడ్డుకు కంకరైతాది," అని ఓవర్సీరు సోమప్పను అడిగాడు.

"సర్కారు ఆస్తి నీకెట్లిస్తానప్పా?"

"మరి మీరేం చేస్తారు?"

"ఊరవతలి వంకలో పోస్తాం."

తోలే పని ఒక కాంట్రాక్టరుకిచ్చారు. అతని బండ్లు ఊరి దారి పట్టలేదు. తోలినట్టు బిల్లు మాత్రం పాసయింది. బడి పిల్లల కాళ్లు ఆ ముక్కలకు చీరుకుపోతూనే ఉన్నాయి.

మరుసటి ఏడు కరువు పని పెట్టారు. రెండు మైళ్ల అవతలి కొండ నుంచి రాయి మోసుకొచ్చి ఊరి రోడ్డుకు పరచాలి. మూడో రోజు తిమ్మమ్మ తట్ట దించి, బడి వైపు చూసింది.

"ఇంత రాయి ఈడ పెట్టుకోని కొండకు పోతాండాము. మనకేమన్నా పిచ్చా?"

ఎర్రిస్వామి తన తట్టా దించి పక్కన పెట్టాడు. తెల్లారి గుట్ట ముందు కూర్చుని సుత్తె తీసుకున్నాడు. మిగతా కూలీలూ వచ్చి కూర్చున్నారు. పది దినాల్లో హాలంతా రోడ్డు కిందికి పోయింది. సోమప్ప వచ్చి, చెప్పు కాలితో తొక్కి చూసి, "కంకరంటే ఇట్లుండాల," అని మెచ్చుకున్నాడు.

నెలలోపే ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు, హాలు రాళ్లు దొంగలపాలయ్యాయని. జీపులో పెద్దాఫీసరు దిగాడు. ఎర్రిస్వామిని పిలిపించాడు.

"రాళ్లు యాడికి పోయినాయి?"

"మీరు నిలబడిండేది దాని మీదనే సార్."

వెంట వచ్చిన సోమప్ప అడ్డొచ్చాడు. గబగబా ఫైలు విప్పి ఒక కాగితం చూపించాడు. రాళ్లన్నీ నిరుడే వంకలో పోయించినట్టు అందులో సంతకాలతో సహా ఉంది. ఆఫీసరు రెండుసార్లు చదివి ఊపిరి పీల్చుకున్నాడు.

"వంకలో ఉండేదాన్ని ఈడ నుంచి ఎట్ల దొంగిలిస్తావప్పా? పో, పని చూసుకో."

దొంగతనం నింద తప్పిందని సంతోషపడాలో, చేసిన పని లేకుండా పోయిందని బాధపడాలో ఎర్రిస్వామికి తెలియలేదు. ఇంటికి పోయి ఆ పూట అన్నం సరిగా తినలేదు.

రెండేళ్లకు ఒక్క పెద్ద వాన పడింది. వంక పొంగి, రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ కొట్టుకుపోయింది. గతంలో పోసిన శిథిలాలు నీటికి అడ్డుపడటమే కారణమని రిపోర్టు తయారైంది. వాటిని తీయడానికి ఎర్రిస్వామినే పిలిచారు. అతను వంక పొడవునా రెండుసార్లు నడిచి వచ్చాడు.

"ఆడ ఇసుకా కంపచెట్లూ తప్ప ఏం లేదు సార్."

"ఉండాదని నేనే రాసినా కదప్పా!" సోమప్ప గొంతు తగ్గించాడు. "వారం దినాలు ఆడ కూర్చోని రా. కూలి ఇప్పిస్తా."

ఎర్రిస్వామి మొదటి పూట నిజంగానే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి నడుము నొప్పి పుట్టింది. తిమ్మమ్మ కొడవలి తెచ్చి ముందర పడేసింది. ఇద్దరూ కంపచెట్లు కొట్టారు, మేట వేసిన ఇసుక తవ్విపోశారు. ఐదో రోజు ఛాతీ లోతున పార కింద తడి తగిలింది. సాయంత్రానికి చెలమలో నీళ్లు ఊరాయి, ఊరి ఆడవాళ్లు బిందెలతో వచ్చారు.

సోమప్ప తనిఖీకి వచ్చి, ముందు దోసెడు నీళ్లు తాగాడు. తర్వాత పుస్తకం తెరిచి, శిథిలాలు పూర్తిగా తొలగించడమైనదని రాసి, ఎర్రిస్వామి చేత వేలిముద్ర వేయించాడు.

"ఏం రాసినారు సార్?"

"పని బాగా చేసినావని."

"అదైతే నిజమే," అన్నాడు ఎర్రిస్వామి. తిమ్మమ్మ అప్పటికే రెండో బిందె ముంచుతోంది.