ఎనభై ఎనిమిది చాలలేదు

సరిత ఫలితం వచ్చిన రోజు, ఎల్లంతకుంట నుంచి సిరిసిల్లకు తన ఆటోలో ఎక్కిన ప్రతి మనిషికీ ఆమె తండ్రి దుర్గయ్య ఒకటే మాట చెప్పాడు. "నా బిడ్డకు నూటికి ఎనభై ఎనిమిది అచ్చినయి. ఇగ పెద్ద కాలేజీల ఎంబీఏ సీటే."

"అవి మార్కులు గాదు నాయినా," అంది సరిత ఫోన్లో. "పర్సెంటైల్. నూరుమంది రాస్తే ఎనభై ఎనిమిది మంది నాకంటె ఎనకున్నరన్నట్టు."

"మరింకేంది? ముందున్నోళ్లనే పిలుస్తరు గద!"

ఆమె నమ్మకమూ అదే. జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతూ, మిగిలిన పొద్దంతా చదువుకు పెట్టి రాసిన పరీక్ష. కోరుకున్న కాలేజీ ఆమె కేటగిరీకి పెట్టిన కటాఫ్ డెబ్బై ఐదే.

ఇంటర్వ్యూ పిలుపులు వచ్చే రోజు క్లాసులో ఆమెకు బోర్డు మీది లెక్క కనబడలేదు. సాయంత్రం గదికి వచ్చేసరికి, తనతో కలిసి ఉంటూ అదే పరీక్ష రాసిన కళ్యాణి, ఎట్లా చెప్పాలో తెలియనట్టు మంచం మీద కూర్చుని ఉంది. ఇద్దరిదీ ఒకే కేటగిరీ. కళ్యాణికి వచ్చింది డెబ్బై తొమ్మిదే.

"నాకు పిలుపచ్చింది," అంది కళ్యాణి మెల్లగా. "నీకు?"

సరిత మెయిల్ తెరిచింది. ఏమీ లేదు. మళ్లీ తెరిచింది.

"ఎవల్నన్న పట్టుకొని చేయించుకున్నవా?" నోరు జారింది.

కళ్యాణి మొహం ఎర్రబడింది. అయినా లేచిపోలేదు. "ఇంగ్లిష్‌ల నీకెంతచ్చింది?"

"నలభై తొమ్మిది."

"గా కాలేజోళ్లు మొత్తం ఒక్కటే సూడరు సరితా. ఒక్కొక్క భాగంల యాభై ఐదు దాటాలె. లెక్కలల్ల నీకు తొంభై ఏడున్నా, గది ఇంగ్లిష్‌కు అక్కరకు రాదు."

కటాఫ్ అంటే ఒకటే గడప అనుకుంది సరిత. ఒక్కటి కాదు, నాలుగు: మొత్తానికి ఒకటి, మూడు భాగాలకు మూడు. ఆమె మూడు దాటి నాలుగోదాని దగ్గర తట్టుకుని పడింది. తండ్రికి చెప్పడానికి రెండు రోజులు పట్టింది. కళ్యాణికి క్షమాపణ చెప్పడానికి అంతకంటే ఎక్కువే పట్టింది.

మరుసటి ఏడు సరిత మళ్లీ పరీక్షకు కూర్చుంది. అప్పటికే కాలేజీలో చేరిన కళ్యాణి ఫోన్ చేసి ఇంగ్లిష్ వ్యాసాలు చదివించేది. బడిలో చెప్పేవి తప్ప సరిత లెక్కల ముఖం చూడడం మానేసింది. ఆమె ప్రాణం లెక్కలే కాబట్టి అదొక శిక్షలా ఉండేది. పరీక్ష రాసి బయటికొచ్చాక, పేపర్ సులువని పక్కవాళ్లందరూ నవ్వుతూ వెళ్తుంటే ఆమెకు నవ్వు రాలేదు. అందరికీ మార్కులు పెరిగితే తన స్థానం కిందికే పోతుంది.

అట్లాగే అయింది. మార్కులు పెరిగాయి, పర్సెంటైల్ ఎనభై ఒకటికి దిగింది.

"పోయినేడు కన్నా తగ్గిందట గద?" అని ఆటోలో ఎవరో అడిగితే దుర్గయ్య హారన్ కొట్టాడు.

కానీ ఇంగ్లిష్‌లో అరవై నాలుగు. మిగతావీ దాటాయి. ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది, వెళ్లి వచ్చింది. అంతటితో గండం గడవలేదు. పిలుపుకు కటాఫ్ చాలింది గాని, సీటుకు ఇంటర్వ్యూతో పాటు ఆ ఎనభై ఒకటి కూడా లెక్కలోకి వస్తుంది. వెయిటింగ్ లిస్టులో పేరు పడింది. పైవాళ్లు వేరే కాలేజీలకు పోతేనే తన వంతు. ఎండాకాలం సెలవులకు సరిత ఇంటికొచ్చింది. అన్నం దగ్గర తండ్రీకూతుళ్లు వంచిన తల ఎత్తేవాళ్లు కాదు.

జూన్‌లో ఒక మధ్యాహ్నం ఆమె సిరిసిల్ల బస్టాండుకు పరుగెత్తుకుంటూ వచ్చింది. దుర్గయ్య ఆటో నిండా జనం.

"నాయినా, అచ్చింది!"

"ఎన్ని?" అన్నాడు దుర్గయ్య కంగారుగా.

"ఎన్ని గాదు నాయినా, సీటు!"

ఆయన ఆటో హ్యాండిల్ మీద తల ఆనించాడు. వెనక కూర్చున్న వాళ్లెవరూ పోదామని తొందరపెట్టలేదు.