నేను కల్పించిన ఏడు మెట్లు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు. పదో తరగతితో చదువు ఆపేసి, బెంగళూరు శివార్లలోని హెబ్బగోడిలో ప్యాకింగ్ పని చేస్తూ, ఆదివారాలన్నీ లైబ్రరీలో గడిపినవాణ్ణి. భూగోళం బీరువా మొత్తం చదివాను. దేనికైనా ఏదో ఒక పుస్తకంలో కారణం రాసే ఉంటుందని నా నమ్మకం.

ఆ చదువే నాకు కుందలహళ్ళిలో ఉద్యోగం ఇప్పించింది. యాత్రల వెబ్‌సైట్‌కు ఊళ్ళ పరిచయాలు రాయడం మా పని. రాసే ఊళ్ళు మేమెవరమూ చూసి ఉండం. నేనైతే అప్పటికి సముద్రమే చూడలేదు.

ఒకసారి పరాయి దేశంలోని ఒక తీరపు పట్టణం నా వంతుకు వచ్చింది. పేరు రాయను. దాని ఎదురుగా, పడవలో ఇరవై నిమిషాల దూరంలో, పేరున్న విహార ద్వీపం ఉంది. అందరూ అక్కడికే పోతారు. ఈ ఊళ్ళో పడవ ఎక్కుతారు, అంతే. రేవు, చర్చి, చేపల మార్కెట్, మున్సిపాలిటీ భవనం రాసేసరికి నాకు దొరికిన సమాచారం అయిపోయింది. ఇంకో పేరా కావాలన్నారు.

అప్పుడు కల్పించాను. చేపల మార్కెట్ వెనక సముద్రంలోకి దిగే ఏడు రాతి మెట్లున్నాయని, చివరి మెట్టు మీద ఎడమ పక్క ఇనుప కడియం ఉందని, అక్కడ నిలబడితే నీళ్ళు మోకాలు దాటవని రాశాను. కడియం ఉంటే చదివేవాళ్ళు నమ్ముతారనిపించింది.

నా పక్క సీటు మంజునాథ్‌ది. బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగువాడు. అది చదివి, "పండితుడప్పా ఈయన. సముద్రం చూడకుండానే లోతు కొలిచినాడు. ఏ పుస్తకంలో ఉండాది ఇది?" అన్నాడు.

"నువ్వు చదవని పుస్తకంలో" అన్నాను. అందరూ నవ్వారు. నాకు చాలా బాగా అనిపించింది.

మరుసటి ఏడాది అతను, భార్య లత ఆ ద్వీపానికి వెళ్ళారు. తిరిగి వస్తూ ఆ ఊళ్ళో బస్సు కోసం మూడు గంటలు ఆగాల్సి వచ్చింది. లతను సామాన్ల దగ్గర కూర్చోబెట్టి నాకు మెసేజ్ పెట్టాడు. "నీ మెట్లు వెతికేకి పోతా ఉండా. దొరక్కపోతే సోమవారం నీ పని అయిపోయె."

పోవద్దు, అది కల్పించాను అని టైప్ చేశాను. సోమవారం ఆఫీసులో పడబోయే నవ్వులు గుర్తొచ్చి చెరిపేశాను.

నలభై నిమిషాలకు ఫొటో వచ్చింది. తడి రాతి మెట్లు, ఏడు. చివరిదాని మీద ఎడమ పక్క తుప్పు పట్టిన ఇనుప కడియం. కింద రెండు మాటలు: "ఉండాదప్పా, తప్పయిపోయింది. దిగుతా ఉండా, మోకాటి లోతే కదా."

"చెప్పాను కదా" అని జవాబిచ్చాను. గర్వంగానే ఇచ్చాను.

రెండో రోజు శవం దొరికింది. మార్కెట్ వెనక ఉన్నది నిలువు కాంక్రీటు గోడ, దాని కింద నాలుగు నిలువుల నీళ్ళు. అక్కడ మెట్లు ఎప్పుడూ లేవని పోలీసులు చెప్పారు. లత ఆ గోడ పొడవునా నడిచి చూసింది. నేను శాటిలైట్ మ్యాపులో వెతికాను. ఫొటోలు పరీక్షించే మా ఆఫీసు మనిషి ఫొటోలో మార్పులేమీ లేవన్నాడు. టైమూ, చోటూ సరిపోయాయి.

దినాలయ్యాక లత వచ్చింది. "ఆయన కడాకు నమ్మింది నీ మాటనే కదన్నా. ఏ పుస్తకంలో చదివినావు?"

కల్పించానని చెప్పలేదు. "పేరు గుర్తులేదమ్మా. మన లైబ్రరీలోదే" అన్నాను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం ఆమె లైబ్రరీకి వస్తోంది. నేనే పుస్తకాలు దించి ఇస్తాను. ఆమెకు ఇంగ్లీషు అంతంత మాత్రం. వేలు పెట్టి వరుస వరుసా చదువుతుంది. సముద్రం, మెట్లు అన్న మాటలు కనబడితే పుస్తకం నా వైపు తిప్పి, "ఇదేనా అన్నా?" అంటుంది. కాదంటాను.

ఆ ఫొటో ఇంకా నా ఫోన్లో ఉంది. నా బుర్రలో తప్ప ఎక్కడా లేని మెట్ల మీద అతను ఎలా నిలబడ్డాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఏ పుస్తకంలోనూ కారణం దొరకలేదు.

పోయిన ఆదివారం భూగోళం బీరువా అయిపోయింది. లత కళ్ళద్దాలు తుడుచుకుని, "చరిత్ర బీరువాలు ఇంకా రెండు ఉండాయి కదన్నా" అంది.

ఉన్నాయన్నాను.