పక్కకు ఒరిగిన స్తంభం

మూడు రోజుల పాటు మా అక్క, ఇంకో పదకొండు మంది ఆడవాళ్లు ఒక పూడ్చేసిన బావి మీద కూర్చుని మిరపకాయలు ఏరారు. వాళ్లకు పక్కనే ట్రైపాడ్ నిలబెట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను. కింద బావి ఉందని మాలో ఎవరికీ తెలియదు. నాకు మాత్రం తెలిసి ఉండాల్సింది.

నా కెమెరా బరువైనది. పెద్ద లెన్సు తగిలిస్తే మూడు కిలోల దాకా తూగుతుంది. దానికున్న పాత ట్రైపాడ్ రోకలంత ఉండేది. దాన్ని భుజాన వేసుకుని పర్చూరు నుంచి అద్దంకి దాకా స్కూటర్ మీద తిరిగి తిరిగి నడుం పట్టేసింది. సంచిలో పట్టేంత చిన్నది, ఈ బరువుకు తల వంచనిది కావాలని గుంటూరులో కెమెరాలు బాగుచేసే ఒక సాయిబుగారి దుకాణానికి వెళ్లాను. నాకు బేరమాడటం రాదు గానీ వాదించడం బాగా వచ్చు. గంటసేపు ఆయన బుర్ర తిన్నాను.

ఆయన విసుక్కోకుండా రెండు ట్రైపాడ్లు ముందు పెట్టారు. ఒకటి కార్బన్‌ది, బాగా తేలిక, కానీ కాళ్ల చివరి ముక్కలు నా చిటికెన వేలంత సన్నం. రెండోది అల్యూమినియంది, కాస్త బరువు, కాళ్లు లావు. ఎన్ని కిలోలు మోస్తుందని డబ్బా మీద రాసి ఉంటుందో అది నమ్మొద్దన్నారు. కెమెరా బిగించి, దూరంగా ఏదైనా నిటారుగా ఉన్నదాన్ని గురి చూసి, రోజంతా ముట్టుకోకుండా ఫొటోలు తీయమన్నారు. సాయంత్రానికి ఎంత జారిందో చూసుకుంటే దాని అసలు బలం తెలుస్తుందట. రెండూ తీసుకెళ్లి, నచ్చింది ఉంచుకొమ్మన్నారు. చివరికి అల్యూమినియందే ఉంచుకున్నాను, ఇప్పటికీ అదే వాడుతున్నాను.

అక్క వాళ్లు ఆ ఏడు ఊరి బయట కల్లానికి నేల అద్దెకు తీసుకున్నారు. పట్టాల మీద ఎకరం మేర కాయ ఎండుతోంది. ఆ ఎరుపును కాసేపు చూసి కళ్లు మూసుకుంటే రెప్పల వెనక అంతా పచ్చగా కనిపించేది. నాకది ఎప్పుడూ నచ్చలేదు. అక్క కూలి ఆడవాళ్లతో కలిసి, రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ రోజూ ఒకే చోట కూర్చునేది. అక్కడ చల్లగా ఉంటుందనేది. నిజమే. ఎండ మాడ్చేస్తున్నా ఆ కాస్త నేల చల్లగానే ఉండేది, మేం అదృష్టం అనుకున్నాం.

మొదటి రోజు కార్బన్ ట్రైపాడ్ వాళ్ల పక్కన నిలబెట్టి, దూరంగా ఉన్న కరెంటు స్తంభాన్ని గురి చూసి, పొద్దున్నుంచి నిమిషానికో ఫొటో తీసేలా కెమెరాను వదిలేశాను. సాయంత్రానికి ఫొటోలో స్తంభం పక్కకు ఒరిగింది. సన్నకాళ్లది ఇంతేలే అనుకున్నాను. రెండో రోజు అదే చోట అల్యూమినియంది పెట్టాను. స్తంభం మళ్లీ అటే ఒరిగింది. చిర్రెత్తుకొచ్చి సాయిబుగారికి ఫోన్ చేసి నాలుగు మాటలన్నాను. రెండూ ఏ పక్కకు ఒరిగాయో ఆయన అడిగి తెలుసుకున్నారు.

"బరువుకి జారితే లెన్సు ముందుకి వాలాలి బాబూ. రెండూ ఒకే పక్కకి ఎందుకు పోతాయి?" అన్నారు.

సరుకు అమ్ముకోవడానికి చెబుతున్నారనుకున్నాను. ఆయన్ని ఒప్పించాలనే పంతంతో మూడో రోజు రోకలంత ఉన్న నా పాత ట్రైపాడ్ మోసుకెళ్లాను. పదేళ్లుగా అది వెంట్రుకవాసి కదిలింది లేదు. మధ్యాహ్నం మూడింటికి చూస్తే స్తంభం అటే ఒరిగి ఉంది.

పొద్దుటి నుంచి తీసిన ఫొటోలను కెమెరాలోనే గబగబా తిప్పాను. అప్పుడు, మూడు రోజుల్లో మొదటిసారి, స్తంభాన్ని వదిలేసి, ఫొటో అంచున పడిన ఆడవాళ్లను చూశాను. వాళ్ల వెనక కంపకంచె ఉంది. పొద్దున కంచె పైకి కనబడిన తలలు మధ్యాహ్నానికి కంచెకు సమానమయ్యాయి. ఒక్కో ఫొటోకు ఎంత దిగారో చెప్పలేను. వాళ్లు కాయలు ఏరుతున్నారు, నవ్వుకుంటున్నారు, కిందికి దిగుతున్నారు.

నేల యజమాని, ఒక ముసలాయన, పాకలో కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. ఇక్కడ ముందు ఏముండేదని అడిగాను. బావి ఉండేదని మామూలుగానే చెప్పాడు. బోరు పడ్డాక అక్కర్లేక పూడ్చారట. అంత లోతుకు మట్టి ఎక్కడ తెస్తామని పత్తి కట్టె మోపులు మోపులుగా వేసి తొక్కి, పైన మాత్రం మట్టి కప్పారట. ఎక్కడని అడిగాను. చుట్ట ఉన్న చేతిని ఆడవాళ్ల వైపు ఎత్తి, అలాగే ఆపేశాడు.

నేను అరవలేదు, అరిస్తే అందరూ ఒక్కసారిగా లేస్తారని భయం. కెమెరా ఎత్తుకుని, దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కరే లేచి మెల్లగా రోడ్డు మీదికి రమ్మన్నాను. ఎండలో నిలబెడుతున్నానని గొణిగారు. అక్క అందరినీ పంపి ఆఖరున లేచింది. నీళ్ల బిందె కోసం వెనక్కి తిరగబోతే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. రోడ్డెక్కాక బావి సంగతి, మొదటి రోజు నుంచీ ఫొటోల్లో స్తంభం ఒరగడం, అన్నీ చెప్పాను.

అరగంట గడిచింది. ఏ చప్పుడూ లేదు. మరలో పోసిన బియ్యం దిగినట్టు, పట్టా మధ్యలో కాయలు గుండ్రంగా లోపలికి దిగడం మొదలైంది. పట్టా, చేటలు, బిందె వాటి వెనకే పోయాయి. తర్వాత కుళ్లిన కట్టె వాసన, తడి వాసన, రోడ్డు దాకా వచ్చింది. ఒకామె అక్కడే కూలబడి, పక్కనున్నవాళ్లను వేలితో లెక్కపెట్టింది. తనతో కలిపి పన్నెండు మంది ఉన్నారు. మళ్లీ లెక్కపెట్టింది.

అక్క చాలాసేపు ఆ గుంట వైపే చూసింది. తర్వాత నన్ను అడిగింది.

"మొదటిరోజే ఒరిగిందన్నావు కదరా?"

అవునన్నాను.

"మరి నువ్వేం చేశావు?"

"ట్రైపాడ్ మార్చాను, అక్కా."

నేను పట్టుకుని లాగిన చేతిని ఇంకా వదల్లేదని అక్క అప్పుడు గమనించి, మెల్లగా విడిపించుకుని, ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడింది.