మోనిక చేయించిన ఫోన్

మోనికకు కౌన్సెలర్ల మీద నమ్మకం లేదు. పదహారేళ్ల వయసులో, తాను అబ్బాయిని కాదని కౌన్సెలింగ్ చేసే ఒక డాక్టరుకు రహస్యంగా చెప్పుకుంటే, సాయంత్రానికల్లా అది నాన్న చెవిన పడింది. అప్పటినుంచి ఇల్లు విడిచి, పుదుచ్చేరిలోని మురుంగపాక్కంలో సుగంధి అత్త దగ్గరే ఉంటోంది.

తనలాంటి పిల్లలతో ఎలా మెలగాలో కౌన్సెలర్లకు నేర్పే శిక్షణకు, తన అనుభవం చెప్పమని ఈమధ్య ఆమెను పిలిచారు. అక్కడ అందరూ మర్యాదగా పేరు అడిగారు, మెత్తగా మాట్లాడారు. ఇవన్నీ ఎవరో నేర్పిన మాటలేననిపించింది. అయినా వాళ్లలో హేమమాలిని అనే ఆమె దగ్గరికి తర్వాత ఒకసారి వెళ్లి, తన భయాలు కొన్ని చెప్పింది. ఇంటికి రాగానే అనుమానం పట్టుకుంది.

"అత్తా, మా అమ్మవని చెప్పి ఆయమ్మకి ఫోన్ చెయ్యి. నేనేం చెప్పినానో అడుగు."

"అదేందిమా, అబద్ధం ఆడమంటావు?"

"అడుగు, చూద్దాం."

సుగంధి ఫోన్‌లో బతిమాలింది, చివరికి కోప్పడింది.

"నా దగ్గరికి ఎవరొస్తారో, ఏం చెప్తారో బయట చెప్పనమ్మా," అంది హేమమాలిని. "మీకు బెంగగా ఉంటే రండి. మీ మాటా వింటాను."

"మనం పరీక్ష పెడతా ఉండామని కనిపెట్టేసిందేమో," అంది మోనిక.

సుగంధి ఫోన్ పక్కన పెట్టింది. "కనిపెట్టినా సరే, నేను ఒకతూరి పోతా. నిన్ను ఇంట్లో పెట్టుకున్నందుకు వీధిలోవాళ్లు అనే మాటలు నేను మాత్రం యాడ చెప్పుకునేది?"

మరుసటి వారం ఇద్దరూ వెళ్లారు. సుగంధి లోపల మాట్లాడుతుంటే, మోనిక బయట కూర్చుని తలుపుకు చెవి ఒగ్గింది. ఒక్క మాటా వినపడలేదు. తన వంతు రాగానే లేచి లోపలికి వెళ్లింది.