మెత్తముక్కు తూటా

మా మామయ్యగారికి ఇద్దరు పిల్లలని ఫెరార్‌గంజ్‌లో అందరూ అంటారు. ముద్దు చూస్తే మూడోది కూడా ఉంది, రైఫిల్. అటవీ శాఖలో పనిచేసే రోజుల్లో, మదమెత్తిన ఏనుగు మీదికొస్తే అక్కరకొస్తుందని కొన్నారట. రిటైరయ్యాక తుడవడమే గాని పేల్చింది లేదు. కబుర్లు మాత్రం ఆగలేదు. కొడుకు వినడు కాబట్టి, బియ్యంలో రాళ్ళేరుకుంటూ నేను వినేదాన్ని.

"ఫోర్ ఫిఫ్టీ ఎయిట్ రైఫిల్ గట్టిగా గుద్దుతాదమ్మా, గానీ దూరం పోతే కిందకి దిగిపోద్ది. మనది త్రీ సెవెంటీ ఫైవ్. దూరమూ పోద్ది, మన భుజమూ మిగుల్తాది. ఏనుక్కయితే గట్టి తూటా. వంకర పోకుండా ఈ పక్కనించి ఆ పక్కకి దూసుకుపోద్ది. మెత్తముక్కు దానికి కొసన సీసం బయటికుంటాది, తగల్గానే విచ్చుకుంటాది. మెయిన్‌లాండ్‌లో కణుజు లాంటి పెద్ద దుప్పికి మంచిదే. జింక్కేసావనుకో, మాంసం నిండా సీసం పెచ్చులే."

మా దీవుల్లో జింకని కొడితే కేసు. అది ఆయనకి బెత్తం పట్టి నేర్పక్కర్లేని సంగతి. ఎన్నికలవగానే లైసెన్సు మా ఆయన పేరుకి మార్పించి, తుపాకీ కొడుకు చేతిలో పెట్టాలని ఆయన ఆశ. "వాడు దాన్ని మచ్చ లేకుండా చూసుకుంటే చాలు" అనేవారు.

ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలి. ఓట్లు అయ్యాక తీసుకురావడానికి మా ఆయనే వెళ్ళారు. వెళ్ళినాయన, వండూర్‌లో కాంట్రాక్టు పని తగిలిందంటూ మర్నాటికి గాని రాలేదు. తుపాకీతోపాటు ఒక మాంసం పొట్లం కూడా తెచ్చారు. "మటన్. సైట్ దగ్గర పార్టీ అయింది" అన్నారు.

మామయ్యగారు పెట్టె తెరిచి గొట్టం వాసన చూశారు. కొత్త నూనె వాసన. తూటాలు చూసుకున్నారు. మెత్తముక్కుది ఒకటి తగ్గింది.

"ఎవడో పేల్చాడ్రా దీన్ని!"

"ఠాణావాళ్ళే అయ్యుంటారు నాన్నా. వాళ్ళ మీద క్యా భరోసా? అల్మారా తలుపు సరిగ్గా పడదు, డ్యూటీ మారిపోయింది, వానొకటి..."

మా ఆయన నిజం ఒక్క ముక్కలో చెబుతారు. అల్మారా తలుపు దగ్గర మొదలెట్టారంటే నేను నమ్మను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మా ఆయన నిజంగానే కుడి భుజం తడుముకుంటున్నారు. మామయ్యగారు అది చూడలేదు. ఠాణావాళ్ళని తిట్టే పనిలో ఉన్నారు.

మాంసం కడుగుతుంటే నా అనుమానం ఇంకా గట్టిపడింది. మేకమాంసమైతే కాస్తయినా కొవ్వుండాలి. ఇది ముదురు ఎరుపు, కొవ్వన్నదే లేదు. ఏమిటిదని అడిగితే మళ్ళీ అల్మారా కథే వినాలి. నోరు మూసుకుని వండాను. వడ్డిస్తూ మా ఆయన మొహమే చూశాను. హాయిగా తింటున్నారు.

మామయ్యగారి పంటి కింద టక్కుమంది.

నోట్లోంచి తీసి పళ్ళెం అంచున పెట్టుకున్నారు. బూడిదరంగు పెచ్చు, చింతపిక్క తొక్కంత. బొటనవేలితో రాసి చూశారు. గట్టి తూటా అయితే జింకలోంచి దూసుకుపోయేది, ఇంత ఆనవాలు మిగిలేది కాదు. నాకు తెలిసిన ఆ మాట ఆయన కన్నకొడుక్కి తెలియలేదు.

"ఏటి నాన్నా?" అన్నారు మా ఆయన, చారు పోసుకుంటూ.

మామయ్యగారు కొడుకు వంక చూశారు.

"బొమిక" అని చేయి కడిగేసుకున్నారు.

మర్నాడు ఆయన ఒక్కరే ఆటోలో ఠాణాకి వెళ్ళి రైఫిల్, లైసెన్సు రెండూ ఇచ్చేసి వచ్చారు. మా ఆయన లబోదిబోమన్నారు. "నా పేరు మీదికి మారుస్తానన్నారు గదా! క్యా హువా?"

"చూపానడం లేదురా. ఇంక మనింట్లో తుపాకీ వద్దు" అన్నారాయన, అంతే. నా ఒళ్ళు మండిపోయింది. ఎన్నడూ అబద్ధమాడని మనిషి తనని తాను గుడ్డివాణ్ణి చేసుకున్నారు, ఈయన కోసం.

సాయంత్రం టీ తాగుతూ మా ఆయన దిగులుగా అన్నారు. "నాన్నకి చూపు అంత తగ్గిందని నాకు తెలీనేలేదు. నీకు తెలుసా?"

"ఆయన కళ్ళకేం కాలేదు" అన్నాను. "నిన్న పళ్ళెంలో అంత చిన్న పెచ్చు కూడా కనబడింది."