నాలుక కింది ఎముక

నారాయణఖేడ్ బస్టాండ్ ఎదురుగా రేకుల కొట్టంలో జొన్నరొట్టెలు చేసి అమ్మే నీలమ్మను ఎరగని డ్రైవరుండడు ఆ రోజుల్లో. నోరు దురుసే గానీ చెయ్యి పెద్దది. రొట్టె మాడిందన్నవాడికి ఇంకో రొట్టె వేసి మరీ తిట్టేది. ఎవరికీ జంకని ఆ మనిషి జన్మలో ఒక్కదానికే భయపడింది. ఆ ఒక్క భయమే ఆమె కొంప ముంచింది.

భర్త మాణిక్యప్ప పాము కరిచి పోయాడు. మిగిలింది సరూప, రెండేళ్ళ పిల్ల. దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని నీలమ్మ రొట్టెలు తడుతుంటే, పిల్ల కూడా పిండిముద్ద తీసుకుని నేలమీద తట్టేది. తల్లీ బిడ్డా అలాగే బతికేద్దురు.

ఎమర్జెన్సీ పెట్టిన యేడు, ఒక పొద్దున నీలమ్మ కాల్చిన తంబాకు పొడితో పళ్ళు తోముకుంటుంటే, నాలుక కింద దవడ లోపలి వైపు వేలికి ఏదో తగిలింది. చింతగింజంత ఉంది, రాయిలా గట్టిగా ఉంది. రెండో వైపు తడిమితే అక్కడా అలాంటిదే. నొప్పి లేదు, నెత్తురు లేదు. ఎప్పటినుంచి ఉందో ఏమో, వేలికి దొరికింది మాత్రం ఆరోజే.

పుట్టినూరు కంగ్టిలో ఆమె తండ్రి నోట్లో పుండు లేచే పోయాడు. పట్నం దవాఖానలో కోత కోశాక ఎన్నాళ్ళో బతకలేదు. పుండు చంపిందని ఆ ఇంట్లో ఎవరూ అనలేదు, కత్తి చంపిందన్నారు. నోటి రోగానికి కత్తి తగిలితే అది రేగి మనిషిని తినేస్తుందని ఇంటిల్లిపాదీ నమ్మారు. అందుకే నీలమ్మ ఏ డాక్టరుకూ నోరు తెరిచి చూపలేదు. తండ్రి చివరికి గంజి కూడా మింగలేకపోయాడు, ఈమె కారం నూరుకుని రొట్టెలు తింటోంది. ఆ తేడా కళ్ళముందే ఉంది కదా, మరి ఎందుకు తట్టలేదో! భయం పట్టినవాళ్ళ సంగతి అంతే.

తను పోతే పిల్ల ఎవరి పాలవుతుంది? ఇదొక్కటే ఆమెను తొలిచేసింది. సిర్గాపూర్‌లో ఆడబిడ్డ రుక్కమ్మకు పిల్లల్లేరు. నీలమ్మ పోయి, పిల్లను పెంచుకోమని కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. మంచి రోజు చూసి రుక్కమ్మను పీట మీద కూర్చోబెట్టారు. ముత్తైదువలు ఆమె ఒడిలో బియ్యం, పసుపు కొమ్ములు పోశారు. ఆ బియ్యం మీద నీలమ్మ తన బిడ్డను కూర్చోబెట్టింది. అలా ఒడిలో పెట్టిన పిల్లను మళ్ళీ అడగకూడదు. అడిగితే రెండిళ్ళకూ అరిష్టమని అక్కడి నమ్మకం.

"ఇగ నువ్వు వచ్చుడు పోవుడు పెట్టుకోకు నీలమ్మా. పిల్ల మనసు రెండు దిక్కులైతది," అంది రుక్కమ్మ.

"నాకు రోగమున్నది వదినా. నేనెన్నొద్దులుంట? ఇగ నువ్వే దానికి అమ్మవు," అంది నీలమ్మ.

ఖేడ్‌కు తిరిగొచ్చి చావు కోసం ఎదురుచూసింది. చావు రాలేదు. వానాకాలాలు వచ్చిపోయాయి, గింజలు మాత్రం నోట్లో అలాగే ఉన్నాయి. సిర్గాపూర్ బస్సు నడిపే సత్తార్‌ను రొట్టె పెట్టినప్పుడల్లా ఆరా తీసేది. పిల్ల జడ వేసుకుంటున్నదట, పిల్ల బడికి పోతున్నదట. ఆ కబుర్లతోనే ఆమెకు పూట గడిచేది. చుట్టాల పెళ్ళిళ్ళలో ఎదురైనా పిల్లకు ఈమె అత్తే, కన్నతల్లని ఎవరూ చెప్పలేదు. ఒకనాడు సత్తార్, "మీ పిల్ల బడి బంద్ చేసిందట. బాగా చదువుతుండె, ఎందుకో ఎవలికీ చెప్తలేదట," అన్నాడు.

ఆ ఎండాకాలమే ఖేడ్ బడిలో పళ్ళ డాక్టర్లు క్యాంపు పెట్టారు. దవడపన్ను నొప్పి తట్టుకోలేక, సత్తార్ పోరు పడలేక నీలమ్మ వెళ్ళి వరుసలో కూర్చుంది. డాక్టరమ్మ పన్ను చూసి, నాలుక పక్కకు జరిపి చూసింది.

"గది ముట్టకు," అంది నీలమ్మ.

"ఎందుకమ్మా? ఇది ఎముకే. కొందరికి దవడ లోపల ఇలా పెరుగుతుంది. ఏమీ చేయదు. మీ రక్తసంబంధీకుల్లో ఇంకెవరికైనా ఉండొచ్చు. తంబాకు మాత్రం మానెయ్, అది మంచిది కాదు."

"గీ గింజలతోని నేను సావనా?"

"చావవు," అని డాక్టరమ్మ నవ్వింది. వెనక నిలబడ్డవాళ్ళూ నవ్వారు. రోగం లేదన్న మాట విని గుండెలు బాదుకుని ఏడ్చిన మనిషిని ఆ క్యాంపువాళ్ళు అంతకు ముందు చూసి ఉండరు.

మర్నాడే సిర్గాపూర్ పోయింది. "నా బిడ్డను నాకియ్యి వదినా. నాకు ఏ రోగం లేదట," అని అరుగు మీదే కూలబడింది.

రుక్కమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "నువ్వు బతికినందుకు దేవునికి దండం పెడత. గని ఒడిల పెట్టిన పిల్లను ఎట్ల అడుగుతవ్? అడుగుతనంటే నువ్వే చెప్పుకో దానికి. నేను అడ్డం రాను." అని లేచి లోపలికి వెళ్ళింది.

అప్పుడే చేను నుంచి సరూప వచ్చింది. ఎదిగిన పిల్ల, మాణిక్యప్ప ముక్కు. "అత్తా, ఎప్పుడచ్చినవ్?" అంది. రుక్కమ్మ తమ్ముడి పెళ్ళాం మరి, అత్తే అవుతుంది.

"బడెందుకు బంద్ చేసినవ్ బిడ్డా?" అని మాత్రం అడిగింది నీలమ్మ.

పిల్ల లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. "అమ్మకు చెప్పకు అత్తా. నా నోట్ల గడ్డలు లేసినయ్. కంగ్టిల మీ నాయిన గూడ నోట్ల లేసే సచ్చిండట. సచ్చేదానికి సదువెందుకు?"

నీలమ్మ పిల్లను వెలుతురులోకి లాక్కుంది. పిల్ల నోరు తెరిపించి చూసింది. నాలుక కింద అటూ ఇటూ చిన్న చిన్న గింజలు, తనవే. పిల్ల వేలు పట్టుకుని తన నోట్లో పెట్టుకుంది.

"ఇది రోగం గాదు, బొక్క. ఎముకేనని పెద్ద డాక్టరమ్మ చూసి చెప్పింది. నువ్వు పుట్టకముందు నుంచీ నాకుంది కావచ్చు. నేను సచ్చిన్నా? నువ్వూ సావవు."

సరూప కళ్ళు పెద్దవయ్యాయి. "నిజంగనా? మరి నీకూ నాకూ ఒక్కతీరుగ ఎట్లున్నయ్ అత్తా?"

ఇక చెప్పెయ్యాలి. మాట పెదవి దాకా వచ్చింది. ఇన్నేళ్ళు దాచుకున్న మాట, ఒక్కటే మాట. ఆమె నోరు తెరిచేలోగా పిల్ల సంతోషం పట్టలేక, "అమ్మా, ఓ అమ్మా," అని పిలుస్తూ లేచింది.

ఆ పిలుపుకు నీలమ్మ కూడా లేచి నిలబడింది. పిల్ల ఆమెను దాటుకుని రుక్కమ్మ దగ్గరికి పరుగెత్తింది.